బాణీ చేతికొస్తే తెలుగు పాట రాయడం ఎలా?

"కవితలు రాస్తాను, చదివినవాళ్లు మెచ్చుకుంటారు. పాటల రచయితను కావాలంటే ఎవరిని కలవాలి?" నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఈ ప్రశ్నే ఉంటుంది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు నాకు తెలిసినదంతా ఒకచోట పెడుతున్నాను.

ఎవరిని కలవాలో తరువాత చెబుతాను. కలిశాక ఏమి జరుగుతుందో ముందు తెలుసుకోండి. సంగీత దర్శకుడికి మీ కవితల పుస్తకం చదివే తీరిక ఉండదు. ఒక బాణీ వినిపిస్తాడు, సందర్భం నాలుగు మాటల్లో చెబుతాడు, రేపటికి పల్లవి తెమ్మంటాడు. సినిమా పాటల్లోనూ, సినిమాతో సంబంధం లేకుండా వచ్చే పాటల్లోనూ ఇప్పుడు ఎక్కువగా బాణీ ముందు, మాట తరువాత. మంచి కవులు చాలామంది ఆ ఒక్క రాత్రి దగ్గరే ఆగిపోవడం చూశాను. ప్రతిభ తక్కువై కాదు, ఆ పని ముందెప్పుడూ చేసి ఉండకపోవడం వల్ల. ఆ రాత్రికి తయారు కావడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను.

కావలసినవి

- గొంతు రికార్డు చేసుకోవడానికి ఫోను, హెడ్‌ఫోన్లు.
- నోటు పుస్తకం, పెన్సిలు. కొట్టివేతలు కనిపించాలి కాబట్టి మొదటి చిత్తుప్రతి కాగితం మీదే రాయండి.
- పర్యాయపదాలు వెతుక్కోవడానికి ఒక మంచి నిఘంటువు.
- సాధనకు పది బాణీలు. మీకు బొత్తిగా అర్థం కాని భాషలోని పాటలైతే మేలు. వాటి మాటలు మీ ఆలోచనను తమవైపు లాగవు.
- శ్రుతిలో పాడగలిగిన స్నేహితులు ఒక్కరైనా.

హెచ్చరిక: ఆ పది బాణీలు సాధనకు మాత్రమే. ఇతరుల బాణీకి మీ మాటలు పెట్టి అనుమతి లేకుండా విడుదల చేస్తే అది కాపీరైటు ఉల్లంఘన.

"సంగీతం నేర్చుకోవాలా?" అని కూడా అడుగుతుంటారు. రాగాల పేర్లు తెలియకపోయినా పని సాగుతుంది. విన్న బాణీని కూనిరాగంగా తీయగలగాలి, చేత్తో తాళం తప్పకుండా వేయగలగాలి. తాళం నిలవకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అది సాధించండి.

కాస్త లెక్క

అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని మాత్రల్లో కొలుస్తారు. పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘమున్న అక్షరం, సున్న ఉన్న అక్షరం, ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరం గురువులు, రెండు మాత్రలు. ఈ లెక్కన 'మనసు' మూడు, 'వెన్నెల' నాలుగు, 'చిరునవ్వు' అయిదు, 'నీలిమేఘం' ఏడు. తాళం నడకల్లో తిశ్రానికి మూడు, చతురశ్రానికి నాలుగు, ఖండానికి అయిదు, మిశ్రానికి ఏడు. అంటే పై నాలుగు మాటలూ వరుసగా ఆ నాలుగు నడకల్లో ఇట్టే ఒదుగుతాయి. ఛందస్సు ఇంతకు మించి ఇప్పుడు అవసరం లేదు.

1. సందర్భాన్ని ఒక వాక్యంలో రాసుకోండి

ఎవరు పాడుతున్నారు, ఎవరితో, ఏ క్షణాన, పాట అయ్యేసరికి వారి మనసులో ఏమి మారాలి. ఈ నాలుగూ ఒకే వాక్యంలో పట్టకపోతే మీకింకా సందర్భం అర్థం కాలేదన్నమాట. దర్శకుడిని మళ్లీ అడగండి. అడగడం చిన్నతనం కాదు. అడగకుండా రాసి మూడుసార్లు తిరగరాయడంలోనే నష్టం ఉంది.

కింది మెట్లకు ఉదాహరణగా ఒక సందర్భం తీసుకుందాం. ఉద్యోగం కోసం ఒక అమ్మాయి తొలిసారి ఇల్లు విడిచి వెళ్తోంది. వెళ్లడం ఇష్టమే, వదలడమే కష్టంగా ఉంది.

2. పెన్ను ముట్టకుండా పదిసార్లు వినండి

మొదటి అయిదుసార్లు ఊరికే వినండి. తరువాతి అయిదుసార్లు వెంట కూనిరాగం తీయండి. చివరికి ట్రాక్, అంటే మీకిచ్చిన బాణీ రికార్డు, ఆపేసి మీ గొంతుతో 'తనన తాన' అంటూ మొత్తం రికార్డు చేసుకోండి. అసలు ట్రాక్‌తో పోల్చినప్పుడు ఎక్కడైనా తేడా వస్తే అక్కడ మీరు బాణీని సరిగా పట్టుకోలేదు. ఆ చోట రాసిన మాట తరువాత తప్పకుండా ఇబ్బంది పెడుతుంది.

ట్రాక్‌లో తరచూ అర్థంలేని డమ్మీ మాటలు ఉంటాయి. వాటి అర్థాన్ని పట్టించుకోకండి, అచ్చులను మాత్రం గమనించండి. పైస్థాయి స్వరం దగ్గర గాయకుడు 'ఆ' అని నోరు తెరిచి ఉంటే ఆ నాదమే సంగీత దర్శకుడి చెవిలో ఉండిపోతుంది. మీ మాటలోనూ అక్కడ 'ఆ' పడేలా చూడండి. చాలా పల్లవులను, ఎందుకు బాగున్నాయో చెప్పలేకుండానే సంగీత దర్శకులు ఒప్పుకోవడానికి ఇదొక కారణం.

3. బాణీకి పటం గీయండి

లఘువుకు చుక్క, గురువుకు గీత. ఊపిరి తీసుకునే చోట నిలువు గీత. సాగదీసి నిలిపే స్వరానికి కింద గీత. పైస్థాయి స్వరానికి పైన గుర్తు. ఒక పల్లవికి ఈ పటం అరగంటలో పూర్తవుతుంది. చాలామంది ఈ అరగంటను దాటవేసి, తరువాత రెండు రోజులు మాటలను అటూ ఇటూ జరుపుతూ గడుపుతారు.

మన ఉదాహరణలో పల్లవి మొదటి పంక్తి ఇలా ఉందనుకుందాం: తనన తనన తాన తాన. మూడేసి మాత్రల చొప్పున నాలుగు భాగాలు, తిశ్ర నడక.

4. మొదటి పంక్తి ఇరవై రకాలుగా రాయండి

ఒకటి రాసి మురిసిపోకండి. ఇరవై రాయండి. మొదటి అయిదారు ఎవరికైనా తట్టేవే ఉంటాయి. పది దాటాక మీకే సొంతమైనవి రావడం మొదలవుతుంది.

ముందు ఇది తట్టిందనుకుందాం: "గడప విడిచి పోతు ఉన్న". లెక్క సరిపోయింది. కానీ 'పోతూ' అన్న మాటకు బాణీలో చోటు లేక 'పోతు' అయింది. వినేవారికి దున్నపోతు గుర్తుకొస్తుంది. పైగా బయలుదేరే అమ్మాయి 'పోతున్నాను' అనదు, 'వెళ్లొస్తాను' అంటుంది. కొట్టేయండి.

తరువాత "గడప దాటి" అని మొదలుపెట్టారు. మాత్రలు మూడూ మూడే. అయితే రెండో భాగంలో బాణీ మూడు వేర్వేరు స్వరాలను అడుగుతోంది, 'దాటి'లో ఉన్నవి రెండే అక్షరాలు. గాయని 'దా'ను రెండు స్వరాల మీద సాగదీయాలి. నెమ్మదైన పాటలో అది అందంగా ఉండవచ్చు, చకచకా నడిచే పాటలో తడబాటులా వినిపిస్తుంది. మాత్రల లెక్కతో పాటు అక్షరాల లెక్క కూడా చూడాలనడానికి కారణం ఇదే.

ఇంకొంచెం ముందుకు వెళ్తే:

గడప కదిలి వెంట రాదు
అడుగు మరిచి ఉండలేదు

నడక కుదిరింది, రెండో అక్షరం ప్రాస కుదిరింది, చివర రాదు, లేదు అని అంత్యప్రాస కుదిరింది. వెళ్లక తప్పదు, మరవడమూ కుదరదు అన్న సందర్భం కూడా అందులోకి వచ్చింది. ఇది గొప్ప పంక్తి అని చెప్పడం లేదు. ముందు రాసినవాటి కన్నా ఎందుకు మెరుగో చూడండి. 'నేను', 'బాధ', 'కన్నీరు' అనే మాటలు లేకుండా గడప, అడుగు అనే రెండు మామూలు వస్తువులు ఆ పని చేశాయి. పల్లవిలో కంటికి కనిపించే వస్తువు ఒక్కటైనా ఉండాలని నేను పట్టుబడతాను.

ప్రత్యామ్నాయం: ఎంతకీ మొదటి పంక్తి రాకపోతే పల్లవి చివరి పంక్తి, అంటే అందరికీ గుర్తుండిపోవలసిన హుక్ లైన్ ముందు రాయండి. అక్కడి నుంచి వెనక్కి రండి.

5. దీర్ఘాల దగ్గర ఆగి చూడండి

కొత్తవారి పాటల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

తెలుగులో పొట్టి అచ్చు సాగితే మాటే మారిపోతుంది. 'పడుతూ' సాగితే 'పాడుతూ', 'కను' సాగితే 'కాను', 'వడి' సాగితే 'వాడి'. కాగితం మీద మీరు పడిపోతున్న మనిషిని రాశారు, వినేవారికి పాడుతున్న మనిషి వినిపించాడు. అందుకే బాణీ సాగే చోట దీర్ఘమున్న అక్షరమే పెట్టండి, తటాలున తెగే చోట పొట్టిదే పెట్టండి.

పంక్తి చివర మరీ జాగ్రత్త. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, పాడటానికి అది పెద్ద వరం. కానీ పై ఉదాహరణలో చివరి స్వరం నిలిపేదైతే 'రాదు' కాస్తా 'రాదూ' అవుతుంది. 'వెంట రాదూ' అంటే రమ్మని బతిమాలినట్టు. అర్థం తలకిందులైంది. అలాంటప్పుడు 'గడప కదిలి వెంట రాదా' అని ప్రశ్నగా మార్చి, దానికి తగ్గట్టు రెండో పంక్తిని తిరిగి రాసుకోవాలి. బాణీతో పోట్లాడకండి. అది చూపించే దారిలో ఇంకో భావం దొరుకుతుందేమో వెతకండి. చాలాసార్లు దొరుకుతుంది.

నిలిపే స్వరానికి ఆ, ఓ, ఏ హాయిగా ఉంటాయి. పైస్థాయిలో ఇ, ఉ గొంతును బిగిస్తాయి. వేగంగా నడిచే చోట వరస ఒత్తులు, వత్తి పలికే ధ, ఘ, ఛ వంటివి గుంపుగా పెట్టకండి. మీ నాలుక తిరుగుతుందని కాదు, గాయకుడి ఊపిరి మైకులో ఎలా పడుతుందో ఆలోచించండి.

6. మాట ఎక్కడ విరుగుతోందో చూడండి

మొదట్లో నేను ఒక పల్లవిలో 'నీ మనసంతా' అని రాశాను. బాణీలో సరిగ్గా 'మన' తరువాత చిన్న విరుపు ఉంది. పాడించి చూస్తే 'నీ మన' ఒక ముక్క, 'సంతా' ఇంకో ముక్క. వింటున్నవారికి సంత వినిపించింది. కాగితం మీద ఆ పంక్తిని ఎన్నిసార్లు చదివినా నాకు ఆ తప్పు కనిపించలేదు. మీకూ కనిపించదు. పటంలో నిలువు గీత ఉన్న ప్రతిచోటా మాట పూర్తవుతోందో లేదో వేలు పెట్టి చూసుకోండి. సమాసాన్ని విరవక తప్పకపోతే రెండు ముక్కలూ విడివిడిగా అర్థమిచ్చేవిగా ఉండాలి.

7. చరణాలు

పల్లవిలో చెప్పినదే వేరే మాటల్లో మళ్లీ చెప్పడం చరణం కాదు. మొదటి చరణానికీ రెండో చరణానికీ మధ్య కాలమైనా, చోటైనా, మనసైనా కదలాలి. మన అమ్మాయి కథలో మొదటి చరణం ఇంటి లోపలిదైతే రెండోది ప్రయాణంలోది కావచ్చు. చరణం ఆఖరి పంక్తి రాసేటప్పుడు వెంటనే పల్లవిని కలిపి పాడండి. అర్థం అతుక్కోవాలి, శ్వాసకూ చోటుండాలి. ఆ ఆఖరి పంక్తినే ముందు రాసుకుని దాని మీదికి చరణాన్ని నడిపించడం సులువైన పద్ధతి.

8. పంపే ముందు నాలుగు పరీక్షలు

ఒకటి, రాత్రి రాసినది తెల్లవారాక వినండి. చదవడం కాదు, రికార్డు వినండి.

రెండు, మీ స్నేహితుడికి ట్రాక్, కాగితం ఇచ్చి పాడమనండి. మీరు పాడి చూపించకండి. అతను తడబడిన ప్రతిచోటా లోపం మీ మాటదే.

మూడు, కాగితం చూడని మరొకరికి వినిపించి, విన్నది విన్నట్టు రాయమనండి. 'సంత' ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

నాలుగు, మరునాడు అదే వ్యక్తిని పల్లవి గుర్తుందా అని అడగండి. ఒక్క పంక్తి కూడా గుర్తు లేకపోతే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి.

సమయం తక్కువగా ఉంటే మూడో పరీక్ష ఒక్కటైనా తప్పకుండా చేయండి.

9. అప్పగించే పద్ధతి

పల్లవి మూడు రకాలుగా ఇవ్వండి. మూడింటిలో ఆలోచన వేరుగా ఉండాలి, మాటలు మార్చినంత మాత్రాన రెండో రకం కాదు. ప్రతి పంక్తికీ సంఖ్య వేయండి, మార్పులు ఫోనులో మాట్లాడుకునేటప్పుడు అది చాలా ఆదుకుంటుంది. కాగితంతో పాటు మీ గొంతుతో పాడిన రికార్డు పంపండి. గొంతు బాగుండనవసరం లేదు, ఏ అక్షరం ఏ స్వరం మీద పడుతుందో తెలిస్తే చాలు.

మార్చమన్నప్పుడు నొచ్చుకోకండి. ఎందుకు వద్దంటున్నారో మాత్రం తప్పక అడగండి. 'మీటర్ కుదరలేదు' అంటే లెక్క సరిచూడాలి. 'బరువుగా ఉంది' అంటే గ్రాంథికం ఎక్కువైంది. 'ఏదో తక్కువైంది' అంటే చాలాసార్లు సందర్భమే పల్లవిలోకి రాలేదన్నమాట. ఇరవై పంక్తులు రాసిపెట్టుకున్నవారికి ఈ మాటలు భయం పుట్టించవు, ఎందుకంటే చేతిలో ఇంకా పదిహేడు ఉన్నాయి.

10. ఇప్పుడు, ఎవరిని కలవాలి

పేరున్నవారి ఇంటి ముందు నిలబడటం కన్నా మీలాగే ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్న సంగీతకారులను వెతకండి. వారి దగ్గర బాణీలు ఉంటాయి, మాటలు ఉండవు. లఘుచిత్రాలు, భక్తి గీతాలు, ప్రకటనల పాటలు, పిల్లల పాటలు, నాటకాలు, ఇవన్నీ అసలైన పనే. ప్రకటన పాట కొన్ని సెకన్లలో విషయం చెప్పడం నేర్పుతుంది. అనువాద చిత్రాల పాటలు మరింత కఠినమైన బడి. అక్కడ తెర మీద పెదవులు మూసుకునే చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి, నోరు తెరిచిన చోట 'ఆ' పడాలి. అలాంటి పది పాటలు రాసినవారికి మామూలు బాణీ తేలికగా అనిపిస్తుంది.

వెళ్లేటప్పుడు కవితల కట్ట తీసుకెళ్లకండి. మూడు వేర్వేరు నడకల్లో, మూడు వేర్వేరు రసాల్లో మూడు పాటలు, పాడించి రికార్డు చేసినవి చాలు. ఒక్కొక్కటి పల్లవి, ఒక చరణం.

వారానికి రెండు బాణీలకు రాస్తే ఏడాదిలో వంద దాటుతాయి. ఆ వందలో పది నిలిచినా మీరు ఎవరి ముందైనా కూర్చోవచ్చు. ఈలోగా ఇల్లు గడిచే పని వదులుకోకండి. అప్పుల ఒత్తిడిలో ఉన్నవారు చెడ్డ ఒప్పందాలకు తలూపుతారు, అది వారి తప్పు కాకపోయినా నష్టం వారిదే.

హెచ్చరిక: అవకాశం ఇప్పిస్తానని డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పనికి డబ్బు రచయితకు రావాలి, రచయిత నుంచి పోకూడదు.

11. హక్కులు

భారతదేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం పాటలోని మాటలను సాహిత్య రచనగా, బాణీని వేరే రచనగా చూస్తుంది. మాటలు రాసిన క్షణం నుంచే హక్కు మీది, నమోదు తప్పనిసరి కాదు. అది మీ జీవితకాలమంతా, ఆ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. అయినా రుజువు అవసరం కాబట్టి చిత్తుప్రతులను తేదీలతో దాచండి, పాటను ఈమెయిలులో పంపండి.

హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా చట్టం భావిస్తుంది. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అన్న మాటలు కనిపిస్తే ఆగి, ప్రతిఫలం దానికి తగ్గట్టు ఉందో లేదో చూసుకోండి. 2012 సవరణ రచయితలకు పెద్ద అండ. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం కాక, మిగతా వినియోగాలపై వచ్చే రాయల్టీలో మీ సమాన వాటాను సినిమా పాట విషయంలో నిర్మాతకు వదిలేస్తున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. హక్కులు బదిలీ చేసిన తరువాత కూడా రచయితగా మీ పేరు చెప్పుకునే హక్కు మీదే. పేరు ఎక్కడ, ఎలా వేస్తారో ఒప్పందంలోనే రాయించండి.

రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, 1969 నుంచి ఉంది. అందరూ ఐపీఆర్ఎస్ అంటారు. పాట విడుదల కాగానే సభ్యత్వ నిబంధనలు చూసుకుని చేరండి, ప్రతి పాటనూ మీ పేరుతో అక్కడ నమోదు చేయించండి. నమోదు కాని పాటకు వచ్చే డబ్బు మీ దాకా చేరే దారి ఉండదు.

12. తిరస్కరించిన పల్లవులు

పారేయకండి. ఒక్కొక్కదాన్నీ విడి కాగితం మీద రాసి, పైన నడక వేయండి: మూడు మూడు మూడు మూడు, లేదా మూడు నాలుగు, ఇలా. పక్కన సందర్భం ఒక్క మాటలో. నడకల వారీగా కట్టలు కట్టుకోండి. మిశ్ర నడకలో బాణీ వచ్చిన రాత్రి ఆ కట్ట విప్పితే, ఖాళీ కాగితం బదులు పది పంక్తులతో పని మొదలవుతుంది.